యాప్‌లో 40, ట్యాంకులో 28: డోసింగ్ పంపుతో మూడేళ్లు

డాలస్‌లో మా ఇంట్లోని 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకుకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) మూడేళ్లుగా ఒకే డోసింగ్ పంపును, అంటే ద్రావణాన్ని కొలత ప్రకారం దానంతటదే నీటిలోకి వదిలే పరికరాన్ని, వాడుతున్నాను. పగడాలకు రంగు తెచ్చేది లైటేనని మొదట్లో నేనూ నమ్మాను. అప్పట్లో ఆల్కలినిటీని (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే, నీటిలోని కార్బొనేట్ల మోతాదు) నిలిపే ద్రావణాన్ని రోజుకొకసారి చేత్తో పోసేవాణ్ణి కనుక, పొద్దున్న చూసిన అంకె రాత్రికి ఉండేది కాదు. పంపు అదే 40 మి.లీ.ను 24 భాగాలు చేసి గంటకొకసారి వదలడం మొదలుపెట్టాక ఆల్కలినిటీ 8.5 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర కుదురుకుంది. లైటును గానీ, చేపల మేతను గానీ మార్చకుండానే, గోధుమరంగులో ఉండిపోయిన అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే రాతి పగడం) కొమ్మల కొసలు మూడు నెలల్లో నీలం తిరిగాయి. ఆ సంతోషంలో, ఇక నీటి పరీక్షలు తగ్గించుకోవచ్చని మిత్రులకు చెప్పాను.

గత వేసవిలో నాలుగు వారాలు విజయవాడలో ఉన్నాం. అక్కడి నుంచి రోజూ యాప్ తెరిచి చూసేవాణ్ణి. ప్రతిరోజూ 40 మి.లీ. పడినట్టే చూపింది. తిరిగి వచ్చేసరికి నీళ్లు తేటగానే ఉన్నాయి, చేపలు మేతకు ఎగబడ్డాయి, కానీ నీలి అక్రోపోరా మొదలు దగ్గర కణజాలం బొటనవేలంత మేర ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. ఆల్కలినిటీ 6.3కు దిగింది. పంపు కింద మెజరింగ్ సిలిండర్ పెట్టి 10 మి.లీ. వదలమంటే 7 మాత్రమే పడింది. రోలర్లు నొక్కే గొట్టం రెండేళ్లకు పైగా నలిగి నలిగి పట్టు కోల్పోయింది. యాప్ లెక్కపెట్టేది మోటారు తిరిగిన చుట్లను మాత్రమే, బయటికి పడిన ద్రావణాన్ని కాదు. ఆ సంగతి అందులో ఎక్కడా చెప్పలేదు, గొట్టం మార్చాలని ఒక్కసారైనా గుర్తుచేయలేదు. నా కోపమంతా దీనిమీదే.

గొట్టం మార్చి, ఆల్కలినిటీని ఒక్కసారిగా పెంచితే మిగిలిన కొసలూ మాడిపోతాయన్న భయంతో రోజుకు అర డీకేహెచ్ మించకుండా పెంచుతూ వచ్చాను. బతికున్న కొమ్మను విరిచి వేరే రాతికి అంటించాను. ఇప్పుడు దాని అడుగు అంచు ఆ రాతిమీదికి పాకుతోంది.

మెత్తటి పగడాలు మాత్రమే పెంచేవారికి తరచూ నీళ్లు మార్చడమే సరిపోవచ్చు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలను అత్యధిక రక్షణ ఉండే షెడ్యూల్ 1లో ఉంచింది కనుక, అక్కడి మిత్రులకు ఈ పంపును సూచించను. రాతి పగడాలూ ప్రయాణాలూ రెండూ ఉన్న నేనైతే మళ్లీ ఇదే కొంటాను. కాకపోతే ఇప్పుడు ఏడాదికొకసారి గొట్టం మారుస్తున్నాను, ఊరెళ్లే ముందురోజు సిలిండర్ పెట్టి కొలుస్తున్నాను, నేను లేనప్పుడు వారానికొకసారి ఆల్కలినిటీ పరీక్షించమని పక్కింటివారికి నేర్పాను.