ఐదు ఆన్‌లైన్ కోర్సులు, ఒక ఫోను కాల్

కోవూరు దగ్గర ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. 2020 లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా ఐదు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. రెండు పూర్తి చేశాను, మూడు మధ్యలో వదిలేశాను. వదిలేసిన వాటిలో ఒకదానికి 6,500 రూపాయలు కట్టాను కూడా. పూర్తి చేసిన వాటిలో ఒకదానికి రెండేళ్లుగా సాయంత్రాలు సహాయకురాలిగా పని చేస్తున్నాను. అంటే బంతిలో కూర్చుని తిన్నాను, వడ్డించాను కూడా. రెండు వైపులా చూశాక రాస్తున్న సమీక్ష ఇది. పాఠాల జోలికి పెద్దగా పోను, అయిదింటిలోనూ పాఠాలు బాగానే ఉన్నాయి. చేరిన మనిషిని ఎలా చూసుకున్నారన్నదే నాకు ముఖ్యం.

మొదటిది ఉచితంగా దొరికిన స్ప్రెడ్‌షీట్ల కోర్సు. చేరగానే రంగురంగుల స్వాగత లేఖ వచ్చింది. నా పేరు పెట్టి, అడుగడుగునా తోడుంటామని రాశారు. చివరి వరుసలో మాత్రం ఈ మెయిలుకు జవాబు ఇవ్వవద్దని ఉంది. మూడో వారంలో ఒక సూత్రం ఎంతకీ పనిచేయలేదు. అడగడానికి మనిషి లేడు, వదిలేశాను. ఉచితం కాబట్టి పెద్దగా బాధ లేదు.

బాధంతా డబ్బు కట్టినదాని గురించే. అది జీఎస్టీ కోర్సు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం సంచి 25 కిలోలు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే 5 శాతం పన్ను మొదలైంది. మిల్లులన్నీ ఒక్కసారిగా 26 కిలోల సంచుల మీద పడ్డాయి. మా యజమానికి ఇంకో ఆలోచన వచ్చింది: 10 కిలోల సంచులు మూడింటిని ఒక పెద్ద బస్తాలో పెట్టి కుడితే అది 30 కిలోల లెక్కలోకి రాదా? ఈ ప్రశ్న కోర్సులోని సందేహాల పేజీలో పెట్టాను. కింద నలుగురు వచ్చి 'నాకూ ఇదే సందేహం' అని రాశారు. అయిదుగురం కలిసి ఎదురుచూశాం. పదకొండో రోజున జవాబు వచ్చింది: 14వ వీడియో చూడండి. ఆ వీడియో జూలైకి ముందు తీసినది. కొత్త పన్ను మాట అందులో ఎలా ఉంటుంది? నేను అడిగింది చదవకుండానే జవాబు ఇచ్చారని అర్థమైంది. ఆలస్యానికి కాదు, అందుకు కోపం వచ్చింది. ఆ తర్వాత ఆ పేజీ తెరవలేదు.

అదే ప్రశ్న నాకు ఒక్క రాత్రిలో తేలిపోయింది. అంతకు కొన్ని నెలల ముందు పూర్తి చేసిన మరో కోర్సు తాలూకు వాట్సాప్ గ్రూపు ఇంకా బతికే ఉంది. అందులో అడిగాను. టంగుటూరు వైపు పొగాకు కొనుగోలుదారు దగ్గర గుమస్తాగా ఉన్న ఒకాయన, కేంద్రం విడుదల చేసిన ప్రశ్నోత్తరాల పత్రంలో ఆ పేరా వెతికి ఫోటో తీసి పంపారు. లోపలి సంచులు చిల్లర అమ్మకానికి కట్టినవైతే, పైన ఎంత పెద్ద బస్తా తొడిగినా పన్ను తప్పదు. యజమాని ఆలోచన అక్కడితో ఆగింది. బియ్యంతో సంబంధమే లేని మనిషి, కోర్సు ముగిసిన నెలల తర్వాత, రాత్రి పదింటికి నా కోసం ఆ పత్రం ఎందుకు వెతికారు? ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఆ కోర్సు నడిపింది కావలిలో ఉండే ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు. పది వారాలు, 28 మందిమి. మొదటి రోజు ఆయన పాఠం చెప్పలేదు. ఎవరు ఏ లెక్కలు రాస్తారో అడిగి, ఒక పుస్తకంలో రాసుకున్నారు. మరుసటి వారం ఇచ్చిన లెక్కల్లో ఎక్కడా పేరూ ఊరూ లేని లిమిటెడ్ కంపెనీ కనిపించలేదు. నెల్లూరు వాళ్లకు ధాన్యం పుట్లలో, చీమకుర్తి వాళ్లకు గ్రానైటు దిమ్మెల్లో, టంగుటూరు వాళ్లకు పొగాకు బేళ్లలో ఇచ్చారు. పుట్టి అంటే ఎంత అని ఒంగోలు అమ్మాయి అడిగితే, మాకు 850 కిలోలని నేను చెప్పాను. నేను ఆన్‌లైన్ తరగతిలో నోరు విప్పడం అదే మొదటిసారి. తెలియనిది అడగడానికి భయపడేదాన్ని, తెలిసినది చెప్పే అవకాశంతో మొదలుపెట్టించారాయన. ఆ తర్వాత అడగడం కూడా అలవాటైంది.

నవంబరు వచ్చింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు నీళ్లు పెన్నాలో కలిసి సోమశిలకు చేరాయి. మా వైపు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర హైవే మీద బస్సులు ఆగిపోయాయి. మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చాక ఫోను ఛార్జి చేసి చూస్తే రెండు వారాల అసైన్‌మెంట్లు తప్పిపోయాయి. చదవడానికి నిజంగానే తీరిక ఉంది. అయినా తెరవలేకపోయాను. వెనకబడ్డాక తిరిగి వెళ్లడానికి అడ్డం వచ్చేది తీరిక లేకపోవడం కాదు, సిగ్గు. ఆలస్యంగా పెళ్లికి వెళ్లి, బంతి సగమయ్యాక గుమ్మంలో నిలబడినట్టు ఉంటుంది.

అప్పుడు ఆయనే ఫోను చేశారు. "అమ్మా, నీళ్లు తగ్గాయా?" అన్నారు. అసైన్‌మెంట్ల మాట ఎత్తలేదు. మిల్లులో ధాన్యం తడిసిందా, ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉన్నారు అని అడిగారు. చివర్లో, పెట్టేయబోతూ, "ఈ వారం పాఠానికి నేరుగా వచ్చేయండి. తప్పిపోయిన రెండూ ఆఖరి వారంలో చూద్దాం" అన్నారు. మూడు నిమిషాల కాల్. ఆ మూడు నిమిషాలు లేకపోతే నేను వదిలేసిన కోర్సులు నాలుగయ్యేవి.

ఫోను చేసేవాళ్లు ఉంటేనే ఆదరణ అనుకోవడం కూడా సరికాదు. 2023 జనవరిలో ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సు చేశాను. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం అది. చేరడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే 1,000 రూపాయలు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. వేలమంది చదివే చోట నా పేరు పెట్టి పిలిచేవారు ఉండరు, అది న్యాయమే. కానీ అక్కడ ఒక నియమం ఉంది: 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. నాకు నెలలో 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. ఆ రెండు తేదీల ముందు మూడేసి రోజులు నేను మనిషిని కాను. నాలుగు వారాలు పోయినా పరవాలేదన్న నియమం, నా ఉద్యోగం సంగతి ఎవరికీ చెప్పుకోకుండానే నాకు సరిపోయింది. తీయని మాటలు లేని ఆదరణ అది. పైగా ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోలు, అంటే కేంద్రం ఇచ్చే ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసేవాళ్లు, వారానికోసారి ప్రత్యక్షంగా సందేహాలు తీర్చే తరగతులు పెడతారు. మాతో మాట్లాడిన కుర్రవాడు ఒకే లెక్కను మూడుసార్లు విసుగు లేకుండా చేసి చూపించాడు.

అయిదోది ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే కోర్సు. రెండు తరగతులకే మానేశాను. కెమెరా పెట్టి తీరాలన్నారు. మాది ఒకే గది ఇల్లు. నా వెనక మంచం మీద మా అత్తగారు పడుకుని ఉంటారు. ఆ సంగతి ముప్పైమంది ముందు చెప్పలేకపోయాను. ముఖాలు కనిపిస్తే దగ్గరితనం పెరుగుతుందని వాళ్ల ఉద్దేశం. ఎవరి గోడలు ఎలా ఉన్నాయో ఆలోచించకుండా పెట్టిన నియమం.

ఇక వడ్డించే వైపు. 2024లో కావలి సార్ నన్ను సహాయకురాలిగా రమ్మన్నారు. మొదటి రోజు ఒక కాగితం చేతిలో పెట్టారు. గ్యారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు కెనడా పరిశోధకులు 2000లో చెప్పిన మాట అందులో ఉంది. ఆన్‌లైన్ చదువు నిలబడాలంటే మూడు రకాల ఉనికి కావాలట: తోటివాళ్లు నిజమైన మనుషులుగా అనిపించాలి, ఆలోచన సాగాలి, నడిపించేవారు ఉన్నారని తెలియాలి. చదవగానే ఒప్పుకున్నాను. కానీ మొదటిది ఎలా తేవాలో ఆ కాగితంలో లేదు.

మొదటి బ్యాచ్‌లో 34 మంది. పరిచయం రాయమంటే 34 సందేశాలూ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి: పేరు, ఊరు, డిగ్రీ, 'మీ అందరితో నేర్చుకోవడం సంతోషం'. ఎవరూ ఎవరివీ చదవలేదు. రెండో బ్యాచ్‌లో ప్రశ్న మార్చాను: మీ ఇంట్లో సిగ్నల్ ఎక్కడ బాగా వస్తుంది? డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన అని పొదిలి అబ్బాయి. దొడ్లో వేపచెట్టు కింద, కానీ చీమలు అని వింజమూరు ఆవిడ. దర్శి నుంచి ఒకాయన, ఇంట్లో రాదండీ, బస్టాండుకు వెళ్తాను అన్నారు. ఆ సాయంత్రమే ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మొదలైంది. నాకు ఇంకో లాభం కూడా దక్కింది, ఎవరికి వీడియో వెళ్లదో, ఎవరికి ఆడియో పంపాలో తెలిసిపోయింది.

మా వాళ్లు సందేహం అడిగేటప్పుడు ముందు క్షమాపణ చెప్పుకుంటారు. 'తెలియక అడుగుతున్నాను సార్', 'చిన్న ప్రశ్నే, తప్పుగా అనుకోకండి'. సార్ పద్ధతి ఏమిటంటే, అలాంటి ప్రశ్నకే ముందు జవాబు ఇస్తారు, పెద్ద ప్రశ్నలు ఆగుతాయి. వయసు ఎంతైనా అందరికీ 'గారు', అందరికీ 'మీరు'. పందొమ్మిదేళ్ల కుర్రవాడిని 'గారు' అంటే మొదట్లో నవ్వాడు, తర్వాత నిటారుగా కూర్చున్నాడు.

ఫోను చేయడంలో మాత్రం దెబ్బలు తిన్నాను. కనిగిరి వైపు ఒక అమ్మాయి రెండు వారాలు కనిపించలేదు. పిలిస్తే అన్న ఎత్తాడు. ఆమె పేరు చెప్పి అడిగేసరికి, ఎవరు, ఏ పని మీద అని గొంతు మారింది. ఆ ఫోను ఇంటందరిదీ. నా తొందర వల్ల ఆమెకు వారం పాటు ఫోను అందలేదు. అప్పటి నుంచి చేరేటప్పుడే అడుగుతున్నాం: ఫోను ఎవరిది, ఏ వేళలో పిలవవచ్చు, ఇంట్లో ముందు ఎవరితో మాట్లాడమంటారు. అమ్మాయిలకు నేనే చేస్తాను. ముందు వాళ్ల అమ్మతో నాలుగు మాటలు మాట్లాడతాను. ఇంకొకాయన, డబ్బు కట్టాను, చదవడం మానడం నా ఇష్టం, ఎందుకు వెంటపడతారు అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఇప్పుడు ఒక్కసారే పిలుస్తాం.

ఈ పద్ధతి లోపాలూ చెప్పాలి. వారానికి ఐదారు గంటలు తింటుంది. 34 మందికి కుదిరినది 300 మందికి కుదరదు. అంతమందికి ఎన్‌పీటీఈఎల్ లాంటి నియమమే నయం. గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు కుప్పపడతాయి, వాటి కింద అసలు సందేహం కూరుకుపోతుంది. సందేహాలకు వేరే గ్రూపు పెట్టాక కొంత తగ్గింది. మొదట్లో ఏ వేళ అడిగినా జవాబు ఇచ్చేదాన్ని. మూడు నెలలకే ఫోను మోగితే చిరాకు వచ్చింది. రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అని రాసి పెట్టాను. ఎవరూ నొచ్చుకోలేదు. పైగా ఎప్పుడు జవాబు వస్తుందో తెలియడం వాళ్లకే నెమ్మది అనిపించిందట.

డబ్బు కట్టబోయేవారికి ఒక ఉపాయం. చేరకముందే, శనివారం సాయంత్రం మీ పనికి సంబంధించిన ఒక ప్రశ్న రాసి పంపండి. సోమవారం వచ్చినా పరవాలేదు, జవాబులో మీ ప్రశ్న తాలూకు ఒక్క మాటైనా ఉందో లేదో చూడండి. నేను 6,500 కట్టే ముందు ఈ పని చేయలేదు.

మా కొత్త బ్యాచ్ వచ్చే నెల మొదలవుతుంది. సార్ 11వ తేదీ అన్నారు. చేరినవాళ్లలో సగం మంది గుమస్తాలు, ఆ రోజు రిటర్నులు అని గుర్తుచేసి, నేనే 22కు మార్పించాను.