లేసా, అంకారానా? లాగోస్ పెళ్ళికి ఏది కుట్టిస్తే మేలు

లాగోస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి మొదటి పెళ్ళి పిలుపు రాగానే ఒకటే డౌట్, చీర కట్టుకెళ్ళాలా, వాళ్ళ గుడ్డ కొని కుట్టించుకోవాలా అని. నా మాట సూటిగా చెప్పేస్తా, అసో ఎబి తీసుకోమని వాళ్ళు అడిగితే తీసుకోండి, కుట్టించుకోండి. అసో ఎబి అంటే పెళ్ళివాళ్ళు ఒక గుడ్డ, ఒక రంగు ఖాయం చేసి చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ అమ్ముతారు, అందరూ అదే గుడ్డని ఎవరికి నచ్చిన మోడల్లో వాళ్ళు కుట్టించుకుని వస్తారు. పిలిచి మరీ గుడ్డ అమ్మడమేంటి అని మనకి మొదట్లో వింతగా ఉంటుంది కానీ అది వేసుకుని హాల్లోకి వెళ్ళారంటే మీరు ఏ ఇంటి తరఫు మనిషో చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోతుంది, పిలిచి కూర్చోబెడతారు, జొల్లాఫ్ రైస్ ప్లేటు కూడా ముందు మీ టేబుల్‌కే వస్తుంది. చీరలో వెళ్తే ఎవరూ ఏమీ అనరు, మెచ్చుకుంటారు కూడా, కాకపోతే బయటినుంచి వచ్చినవాళ్ళలాగే ఉండిపోతాం.

ఇక అసలు సంగతి. చాలా ఇళ్ళల్లో దగ్గరివాళ్ళకి లేసు, ఫ్రెండ్స్‌కీ ఆఫీసువాళ్ళకీ అంకారా (పెద్ద పెద్ద బొమ్మల కాటన్ ప్రింటు గుడ్డ) అని పెడతారు, కొంతమంది రెండూ చూపించి మీ ఇష్టం అంటారు. అలా అన్నారంటే కళ్ళు మూసుకుని అంకారా తీసుకోండి.

లేసు అందం గురించి నాకు పేచీ లేదు. 1960ల నుంచీ ఆస్ట్రియాలో లుస్టెనౌ చుట్టుపక్కల ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు నైజీరియావాళ్ళ టేస్టుకి తగ్గట్టు ప్రత్యేకంగా డిజైన్లు గీయించి మరీ లేసు పంపుతున్నారు, మంచి రకం చేత్తో పట్టుకుంటే ఆ దారం పనితనం తెలిసిపోతుంది, పాతకాలం పెద్దావిడలు ఇరో బూబాకి (అంటే నడుముకి చుట్టుకునే గుడ్డ, పైన వదులు జాకెట్టు) వాడిన వాయిల్ లేసులు ఇప్పటికీ బీరువాల్లో ఉంటాయి. ఇబ్బందల్లా ఇప్పుడు మనకి అంటగట్టే లేసులతో. నెట్టు మీద పూసలు, చమ్కీలు, రాళ్ళు కుట్టేసిన రకం. 5 గజాల ముక్క కొంటే దానికి లైనింగ్ వేరే, లోపల గట్టి నెట్టు వేరే, కార్సెట్ మోడల్ అయితే బోన్లూ కప్పులూ వేరే, పైన మళ్ళీ రాళ్ళు అంటిస్తే ఆ కూలి ఇంకో లెక్క. గుడ్డ బయటినుంచి వచ్చేదే కాబట్టి 2023 జూన్‌లో నైరా రేటుని మార్కెట్‌కి వదిలేశాక ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి.

పైగా ఉక్క. లాగోస్ గాలి మన కాకినాడ, మచిలీపట్నం గాలి లాంటిదే, ఒళ్ళంతా జిడ్డు. హాల్లో ఏసీ ఉంటుంది కానీ మధ్యలో కరెంటు పోతే జనరేటర్ అందుకునే లోపు లైనింగ్ ఒంటికి అతుక్కుపోతుంది, కార్డ్ లేసు వేసుకుని టెంటు కింద కూర్చోవడమంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టే. ఇంత ఖర్చూ పెట్టి ఒక్క పూట వేసుకుంటాం, తర్వాత ఆ గౌను ఏ సందర్భానికీ పనికిరాదు, చమ్కీలు ఊడతాయని ఉతకలేం, మన ఊరికి తీసుకెళ్తే వేసుకునే చోటు లేదు.

అంకారా అలా కాదు, అది కాటన్. జావా బాటిక్‌ని, అంటే మైనం పూసి రంగు అద్దే గుడ్డని చూసి డచ్చివాళ్ళు మెషిన్ మీద మొదలుపెట్టిన ప్రింటు ఇది, హెల్మండ్‌లో వ్లిస్కో కంపెనీ 1846 నుంచీ ఉంది, వాళ్ళు జావా కోసం చేసింది చివరికి పశ్చిమాఫ్రికా సొంతమైపోయింది. గుడ్డ కదలదు, జారదు, కత్తెరకి చక్కగా తెగుతుంది, మామూలు టైలర్ చేతిలో కూడా కుట్టు నిటారుగా వస్తుంది. పెళ్ళయ్యాక ఉతుక్కుని మళ్ళీ వేసుకోవచ్చు, ఇక్కడ ఆఫీసుల్లో శుక్రవారం పూట నేటివ్ డ్రెస్ వేసుకోవడం మామూలే కాబట్టి పెళ్ళికి కుట్టించిన స్కర్టు మీద తెల్ల షర్టు వేసి ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు. అంకారా అంటే చవక, సాదా అనే చిన్నచూపు కొంతమందికి ఉంది, నాకు అది అస్సలు నచ్చదు. ఇక్కడి డిజైనర్ లీసా ఫొలావియో 2005లో జ్యువెల్ బై లీసా అనే బ్రాండ్ మొదలుపెట్టి ఈ అంకారా మీదే పూసలూ చమ్కీలూ కుట్టించి ఖరీదైన బట్టగా నిలబెట్టింది, దేశాలు దాటి అమ్మింది. గుడ్డలో లోపం లేదు, కుట్టులో ఉంటుంది ఉంటే.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి, గుడ్డ తిరగేసి. అసలైన అంకారాకి, అంటే వ్యాక్స్ ప్రింటుకి రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, రంగు మీద సన్నటి పగుళ్ళ గీతలు కనిపిస్తాయి, అంచు మీద కంపెనీ పేరు ప్రింటై ఉంటుంది (పేరు ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు, దాన్నీ కాపీ కొడతారు). వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటే ఒక పక్కనే ప్రింటు వేసిన రకం, చేత్తో నలిపితే ముడత పడకుండా జారిపోతే పాలిస్టర్ కలిసిందని అర్థం, అది ఈ ఎండకి వద్దు. లాగోస్ బలోగన్ మార్కెట్లో రాశులు పోసి అమ్మేదాంట్లో చాలావరకు చైనాదే. కడునాలో ఒకప్పుడు పెద్ద పెద్ద బట్టల మిల్లులు నడిచేవి, యునైటెడ్ నైజీరియన్ టెక్స్‌టైల్స్ 2007లో మూతపడ్డప్పుడు వేలమంది రోడ్డునపడ్డారు, దేశమంతా కట్టుకునే గుడ్డ దేశంలో తయారవకపోవడం నిజంగా బాధేస్తుంది.

మనవాళ్ళకి వచ్చే ఇంకో ఐడియా, అంకారా 6 గజాలు, పన్నా కూడా చీర పన్నాయే కదా, చీరలాగే కట్టేస్తే పోలా అని. కొలత సరిపోతుంది, గుడ్డ సరిపోదు. కొత్త అంకారా గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది, కుచ్చిళ్ళు పొట్ట దగ్గర బుట్టలా నిలబడతాయి, ఆ పెద్ద పెద్ద బొమ్మలన్నీ మడతల్లోకి పోతాయి. వద్దు.

అసో ఒకె అనే నేతగుడ్డ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒయో రాష్ట్రంలో ఇసెయిన్ అనే ఊళ్ళో నాలుగంగుళాల సన్న పట్టీలుగా నేసి వాటిని పక్కపక్కన కలిపి కుడతారు, అది పెళ్ళికూతురికి, పెళ్ళికొడుక్కి, తల్లిదండ్రులకి. పిలుపుకి వెళ్ళేవాళ్ళకి తలకి చుట్టుకునే గెలె వరకు చాలు. ఇగ్బోవాళ్ళ పెళ్ళికో, పోర్ట్ హార్కోర్ట్ వైపు పెళ్ళికో అయితే మాత్రం జార్జ్ అనే నడుముకి చుట్టుకునే గుడ్డ కట్టుకోమంటారు, అప్పుడు లేసూ వద్దు అంకారా వద్దు, జార్జ్ కట్టుకోండి. ఆ గుడ్డ మన దేశంనుంచి వెళ్ళిందే. మన చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డలు మద్రాసు రేవు మీదుగా తరాలపాటు నైజీరియాకి వెళ్ళాయి, నైజర్ డెల్టాలో కలబారీ ఆడవాళ్ళు ఆ గళ్ళ గుడ్డలో కొన్ని దారాలు బ్లేడుతో కోసి లాగేసి కొత్త డిజైన్ తెప్పిస్తారు, పెలెటె బిటె అంటారు దాన్ని. మన నేతగాళ్ళు వేసిన గడి వాళ్ళ చేతిలో ఇంకో రూపు తీసుకోవడం చూస్తే నాకు ఎంత గర్వంగా ఉంటుందో.

సరే, గుడ్డ అయింది, కుట్టు ఎవరికివ్వాలి? రెడీమేడ్ కొనేస్తే టైలర్ తలనొప్పి ఉండదు అంటారు కొంతమంది. బూబూ, కఫ్తాన్ లాంటి వదులు గౌన్లకి ఆ మాట ఒప్పుకుంటా, అబెవొకుతా వైపు చేసే అడిరె అద్దకం బూబూ అయితే రెడీమేడే కొనండి, ఫిట్టింగ్‌తో పనిలేని గౌనుకి టైలర్ చుట్టూ తిరగడం దండగ. ఒంటికి పట్టి ఉండే ఏ మోడల్‌కైనా మాత్రం టైలరే. రెడీమేడ్లు ఇక్కడి ఆడవాళ్ళ ఒంటి తీరుకి కట్ చేసినవి, తుంటి దగ్గర వదులుగా ఉండి చంకల దగ్గర పట్టేస్తాయి మనకి, లోపల మార్జిన్ కూడా ఉండదు విప్పి కుట్టించుకోడానికి.

టైలర్ల మీద ఇక్కడ అందరికీ ఒకటే కంప్లయింట్, టైముకి ఇవ్వరు, ఫొటోలో చూపించింది ఒకటి, చేతికొచ్చేది ఒకటి. నిజమే, కానీ అందులో సగం మనం ఇచ్చే తీరులో ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అసో ఎబి బెల్లా పేజీలో రాళ్ళు పొదిగిన కార్సెట్ గౌను చూసి, దాన్ని ఇరో బూబా మాత్రమే కుట్టే పక్కవీధి టైలర్‌కి పల్చటి గుడ్డతో ఇచ్చి, వారంలో కావాలంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. ఫొటో చూపించేటప్పుడు మీ గుడ్డ లాంటి గుడ్డతో కుట్టిన ఫొటోనే చూపించండి. డిసెంబర్‌లో, సల్లా అంటే మన బక్రీదు, రంజాన్ పండగల ముందు, కొత్త మోడల్ ఇవ్వకండి, అప్పుడు షాపులో గుట్టలు గుట్టలుగా సంచులుంటాయి, మీది ఏ సంచిలో ఉందో వాళ్ళకే తెలీదు. నెల ముందు ఇచ్చి, పెళ్ళి డేటు అసలుకంటే వారం ముందుకి జరిపి చెప్పండి, సగం డబ్బులే ఇవ్వండి, మిగతా సగం వేసుకుని చూశాకే.

మంచి టైలర్‌ని ఎలా పట్టాలంటే, షాపులో వేలాడుతున్న ఎవరిదైనా డ్రెస్ లోపలివైపు తిరగేసి చూడండి. ఓవర్‌లాక్‌ని ఇక్కడ వీవింగ్ అంటారు, అది అన్ని అంచులకీ ఉందా, జిప్పు పక్కన గుడ్డ ముడుచుకుందా, లైనింగ్ పైగుడ్డకంటే పొడుగొచ్చి బయటికి వేలాడుతోందా. అంకారా అయితే బొమ్మ ఎక్కడ పడిందో చూడండి, అది చాలా ముఖ్యం. నేను ఇచ్చే ఆవిడ ఇకెజాలో చిన్న షాపు, నల్ల బటర్‌ఫ్లై మెషిను, గుడ్డ ఇవ్వగానే టేబుల్ మీద పరిచేసి చాక్‌తో ఏమీ గీయకుండా చాలాసేపు అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది, పెద్ద వలయాలున్న ప్రింటు అయితే ఒక వలయం సరిగ్గా వెన్ను మధ్యకి, రెండు సగాలు జిప్పుకి రెండు పక్కలా వచ్చి జిప్పు వేయగానే కలిసిపోయేట్టు పిన్నులు పెడుతుంది, ఆ తర్వాతే కత్తెర. గుడ్డ అరగజం ఎక్కువ పడుతుంది అలా చేస్తే, పడనివ్వండి. తొందరపడి కట్ చేసేవాళ్ళ దగ్గర ఆ వలయం సరిగ్గా ఛాతీ మీదకొచ్చి కూర్చుంటుంది. ఇంకోటి, ఇచ్చేముందు గుడ్డ ఒకసారి తడిపి ఆరబెట్టండి, కాటన్ కుంచించుకుపోతుంది.

మేకప్ విషయానికొస్తే ఇంట్లో మనమే వేసుకోవడమా, ఇక్కడి ఆర్టిస్టుతో వేయించుకోవడమా అంటే ఆర్టిస్టే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మన దగ్గర పార్లర్లలో చామనఛాయ మొహం కనిపిస్తే చాలు రెండు షేడ్లు తెల్లగా చేసేస్తారు, మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. లాగోస్ ఆర్టిస్టుల పెట్టెలో ముదురు షేడ్లు వరసగా ఉంటాయి, మన రంగుకి వాళ్ళు కంగారుపడరు. ఫెంటీ అనే మేకప్ బ్రాండ్ 2017లో 40 షేడ్లతో వచ్చి ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది కానీ, టారా ఫెలా దురొటొయె అనే ఆవిడ హౌస్ ఆఫ్ టారా అనే మేకప్ కంపెనీని 1998లోనే పెట్టి నల్లటి చర్మానికి తగ్గ పెళ్ళి మేకప్‌ని ఇక్కడ ఒక వృత్తిగా నిలబెట్టింది. మన మొహం రంగుని మార్చకుండా మెరిపించడం ఎలాగో వీళ్ళకి తెలుసు, అందుకే నాకు వీళ్ళ పనంటే అంత గౌరవం.

జాగ్రత్త పడాల్సింది ఒకటే, మన చర్మంలో పసుపు ఛాయ ఎక్కువ, వాళ్ళు అలవాటుకొద్దీ ఎర్రగా ఉండే షేడ్ తీస్తే గంట తర్వాత మొహం ఇటుకరంగుకి తిరుగుతుంది, అందుకే దవడ కింద రాసి, తలుపు బయటికొచ్చి ఎండ వెలుగులో చూసుకున్నాకే సరే అనండి. కనుబొమ్మలు చెక్కినట్టు పదునుగా వేస్తారు, అంత వద్దనుకుంటే మొదట్లోనే చెప్పాలి, కన్సీలర్‌తో అంచు గీశాక ఇంక మార్చలేరు. మార్కెట్లో తెల్లబడే క్రీములు కూడా అమ్ముతారు, వాటి జోలికి అసలు పోకండి, పాదరసం కలిసినవి ఉంటాయి, ఏ కాస్మెటిక్ కొన్నా డబ్బా మీద నాఫ్‌డాక్ (మందులకీ కాస్మెటిక్స్‌కీ అనుమతిచ్చే నైజీరియా ప్రభుత్వ సంస్థ) నంబర్ ఉందో లేదో చూడండి.

గెలె మేకప్ అయ్యాకే కడతారు కాబట్టి ఫౌండేషన్ నుదుటి మీద జుట్టు మొదళ్ళ దాకా రాయించుకోండి. చేత్తో కట్టిన గెలెనా, టోపీలా పెట్టేసుకునే రెడీమేడ్ ఆటో గెలెనా అంటే, చేత్తో కట్టిందానికి ఉన్న అందం దేనికీ రాదు, మొహం తీరు చూసుకుంటూ మడత మీద మడత సర్దుతూ వెనక ముడి బిగిస్తారు. అయితే మన జుట్టు జారుడు, నూనె ఉంటే ఇంకా జారుడు, ముందురోజు నూనె మానేసి, కింద మెడ దగ్గర ముడి వేసి, పైన విగ్ క్యాప్ పెట్టుకుంటే గెలె పట్టు దొరుకుతుంది. కట్టేవాళ్ళు ఆరోజు మీ దగ్గరికి వస్తారని గ్యారంటీ లేకపోతే ఆటో గెలె తీసుకోండి, మీ తల చుట్టుకొలత ఇచ్చి చేయించుకోండి, మామూలు సైజు కొంటే నుదురు పట్టేసి భోజనాలయ్యే లోపే తలనొప్పి మొదలవుతుంది.