పాడేవారి గొంతుకు సమగ్ర చికిత్స: ఒక స్వర చికిత్సాలయంపై సమీక్ష

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయికి తారస్థాయిలో గొంతు బిగుసుకుపోతుంటే హైదరాబాద్‌లోని ఒక స్వర చికిత్సాలయానికి తీసుకువెళ్ళాను. అక్కడ గొంతును మాత్రమే కాక, పాడే మనిషిని మొత్తంగా పరిశీలించడం నాకు ఎంతో నచ్చింది.

మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యులు స్ట్రోబోస్కోపీ చేసి, సెకనుకు వందలసార్లు కంపించే స్వరతంత్రుల కదలికను నెమ్మదిగా కనిపించేలా తెర మీద చూపించి, వాటి మీద కాయల్లాంటి చిన్న గడ్డలేవీ లేవని నిర్ధారించారు. గొంతు వారాల తరబడి బొంగురుగా ఉన్నవారు ఈ పరీక్ష చేయించుకోకుండా గొంతు, మెడ కండరాలకు చేసే ఏ మర్దనాకూ వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

తర్వాత ఫిజియోథెరపిస్టు ఆమెను కచేరీలో కూర్చున్నట్లే నేల మీద కూర్చోబెట్టి పాడించి, ముందుకు వంగిన మెడ, బిగిసిన దవడ, పైకి లేచిన భుజాలు స్వరపేటిక స్వేచ్ఛను ఎలా అడ్డుకుంటున్నాయో వివరించి, ఆ కండరాలను చేత్తో మృదువుగా సడలించారు. స్పీచ్ థెరపిస్టు గొట్టం ద్వారా నీటిలోకి బుడగలు వచ్చేలా శ్రుతి పలికించే సాధన నేర్పారు. గొట్టం వల్ల గాలి బయటికి వెళ్ళే దారి ఇరుకైనప్పుడు వెనక్కి వచ్చే ఒత్తిడి వల్ల స్వరతంత్రులు తక్కువ శ్రమతో కంపిస్తాయి. అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే.

అయితే ఇంటి సాధన పత్రంలోని ఉదాహరణలన్నీ పాశ్చాత్య సంగీతానివే కావడంతో, వాటిని సరళీ వరుసలకూ గమకాలకూ అన్వయించే పని గురువుగారి మీదే పడింది.