తల్లిని చూపించరు, పిల్లను మాత్రం అమ్ముతారు: జాక్ రస్సెల్ కొనేవాళ్లకు హెచ్చరిక

హైదరాబాద్‌లో జాక్ రస్సెల్ టెర్రియర్ జాతి కుక్కపిల్ల కోసం వెతుకుతున్నవాళ్లెవరైనా ఉంటే, అడ్వాన్సు పంపేముందు ఇది చదవండి. మేం రెండు నెలల కిందట 28,000 పెట్టి ఒక పిల్లను తెచ్చుకున్నాం. ఆసుపత్రికి ఇంకో 19,400 కట్టాం. తొమ్మిదో రోజున దాన్ని పాతిపెట్టి వచ్చాం. మా డబ్బు ఎలాగూ పోయింది. కానీ అదే మనిషి అదే ఫొటోతో నిన్న మళ్లీ ప్రకటన పెట్టాడు, అందుకే రాస్తున్నా.

ప్రకటనలో ధర లేదు. "యాభై రోజుల పిల్లలు నాలుగున్నాయి, ప్రేమగా చూసుకునే ఇంటికే ఇస్తాం, వ్యాపారులు ఫోన్ చేయొద్దు" అని ఉంది. నేను పడిపోయింది అక్కడే. వ్యాపారులు వద్దనేవాడు వ్యాపారి ఎందుకవుతాడు అనుకున్నా. ఫోన్ చేస్తే కుర్రాడి గొంతు, మాటకు ముందొక అక్కా, వెనకొక అక్కా. వాళ్లమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయిందట, పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరట, ఎవరికిబడితే వాళ్లకి ఇవ్వబుద్ధి కావట్లేదట. నన్ను కూడా రెండు ప్రశ్నలు అడిగాడు: సొంతిల్లా, చిన్నపిల్లలున్నారా అని. 35 వేలు చెప్పినవాడు, వెనక నుంచి మా పాప గొంతు వినబడగానే "పాప మొహం చూసి 28కి ఇస్తా అక్కా" అన్నాడు. మొహం ఎక్కడ చూశాడో మరి.

ఐదు వేలు అడ్వాన్సు పంపాను. యూపీఐలో కనబడిన పేరు అతను చెప్పుకున్న పేరు కాదు. అడిగితే "మా బావ నంబర్ అక్కా, పరేషాన్ కాకు" అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటాం అంటే, తల్లి కొత్తవాళ్లను చూస్తే మీదపడి కరుస్తుందన్నాడు. పోనీ వీడియోలో చూపించు అంటే నెట్ సరిగ్గా లేదన్నాడు. సాయంత్రం మా ఆయన చేస్తే, తల్లిని పొద్దున్నే ఊరికి పంపించేశామన్నాడు. ఒకే రోజు, ఒకే కుక్కకి, మూడు కారణాలు. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ ఆ రోజు మాత్రం ఫోన్లో ఫొటో చూసుకుంటూ పాప పేరు కూడా పెట్టేసింది. తెల్లటి ఒళ్లు, చెవి మీద బెల్లం రంగు మచ్చ. జున్ను అని.

ఆదివారం అత్తాపూర్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెప్పి అక్కడికి రమ్మన్నాడు. వచ్చింది కూడా అతను కాదు, బండి మీద ఇంకో అబ్బాయి. ముందు పెట్టుకున్న యాపిల్ పళ్ల అట్టపెట్టెలో పిల్ల. నిద్రపోతోంది. ఎత్తుకుంటే కళ్లు తెరిచి మళ్లీ మూసేసింది. "జర్నీ చేసింది కదా మేడం" అన్నాడు. పొట్ట మాత్రం చిన్న కుండలా ఉబ్బి ఉంది. "పాలు ఫుల్లుగా తాగింది." మిగతా 23,000 నగదే కావాలన్నాడు, ఇచ్చాం. టీకాల కార్డు చేతిలో పెట్టి, జాతి కుక్క అని నమోదు చేసే కేసీఐ పేపర్లు నెలలో వస్తాయని చెప్పి వెళ్లిపోయాడు. మొత్తం వ్యవహారం ఐదు నిమిషాలు.

ఇంటికి తెచ్చాక మొదట అనుమానపడింది మా అత్తయ్య. ఒంగోలు దగ్గర పల్లెటూరు ఆవిడది, ఇంట్లో ఎప్పుడూ పాడి ఉండేది. "ఇంత పసిగుడ్డును తల్లి దగ్గర్నుంచి ఎట్లా తెచ్చారే? గేదెను కొనేటప్పుడు దూడను చూస్తాం, రెండు పూటలు పాలు పిండి చూస్తాం, నోరు తెరిచి పళ్లు చూస్తాం. ఇరవై ఎనిమిది వేలు పోసి కుక్కను కొంటే ఆ మాత్రం చూడక్కర్లేదా?" అంది. ఆవిడకి కుక్కల గురించి ఏం తెలుసులే అనుకున్నాం.

నాలుగో రోజు తిండి ముట్టలేదు. రాత్రి తెల్లటి నురగ వాంతి. తెల్లారేసరికి విరేచనం, అందులో రక్తం, ఆ వాసన నేనింకా మర్చిపోలేదు. క్లినిక్‌లో డాక్టరమ్మ పరీక్ష చేస్తే పది నిమిషాల్లో తేలింది: పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. తర్వాత ఆవిడ చేసిన పని చూసి నాకు అత్తయ్య గుర్తొచ్చింది. జున్ను నోరు తెరిచి వేలితో పళ్లు తడిమింది. కుక్కపిల్లకి మొత్తం 28 పాలపళ్లు, ఎనిమిది వారాలకు దాదాపు అన్నీ వచ్చేస్తాయట. దీనికి ముందు పళ్లు, కోరలు మొలిచాయి తప్ప వెనక పళ్లు సరిగ్గా రానేలేదు. "యాభై రోజులన్నారా? ఐదు వారాలు మించదు" అంది. తర్వాత కార్డు అడిగింది. టీకా సీసా మీది లేబుల్ తీసి అందులో అంటించారు. దాని మీది గడువు తేదీ, ఇంజెక్షన్ వేసినట్టు రాసిన తేదీ కంటే నాలుగు నెలలు ముందే అయిపోయింది. పక్కన సంతకం ఉంది, డాక్టరు పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. ఆ కార్డు ఐదు రోజులుగా మా ఫ్రిజ్ మీదే ఉంది. చూసినా మాకు అర్థం కాలేదు.

నాలుగు రోజులు సెలైన్, వాంతులు ఆగడానికి మందులు, యాంటీబయాటిక్స్. పార్వో వైరస్‌ను నేరుగా చంపే మందు మామూలుగా క్లినిక్కుల్లో దొరకదట. పిల్ల తనంతట తాను పోరాడి గెలిచేదాకా ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే వైద్యం. ఈ వైరస్ పేగుల లోపలి పొరను, తెల్లకణాలను ఒకేసారి దెబ్బతీస్తుంది. పుట్టగానే తల్లిపాలు, సరైన వయసులో టీకా పడిన పిల్లకి కొంత బలం ఉంటుంది. దీనికి ఆ బలం లేదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయింది. ఆ తర్వాతి సంగతులు రాయను.

అతనికి ఫోన్ చేస్తే ఏమన్నాడో మాత్రం రాయాలి, ఎందుకంటే మీకూ అదే చెబుతాడు. మొదట, "మా దగ్గర మస్తు యాక్టివ్ ఉండె, మీరేం తినిపించిన్రో." దీనికి జవాబు దగ్గర పెట్టుకోండి. వైరస్ లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా మూడు రోజుల నుంచి వారం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ కుక్క లేదు. కాబట్టి అది అక్కడే అంటుకుని వచ్చిందన్నది డాక్టరమ్మ అంచనా. తర్వాత స్వరం మార్చి, "సరే అక్కా, ఇంకో పిల్లనిస్తా, పది వేలు కట్టు, రేపే తీసుకపో" అన్నాడు. దయచేసి దీనికి ఒప్పుకోకండి. పార్వో వైరస్ నేలమీద, గిన్నెల మీద, చాపల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. బట్టలు తెల్లబరిచే బ్లీచ్ ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు శుభ్రంగా కడిగిన నేల మీద పది నిమిషాలైనా తడిగా ఉంచాలి. మట్టినేల, తోట అయితే అదీ పనిచేయదు. టీకాలు పూర్తికాని ఇంకో పసిపిల్లను ఆ ఇంటికి తేవడమంటే దాన్నీ చంపుకోవడమే. ఈ మాట చెప్పగానే నంబర్ బ్లాక్ చేశాడు.

కోపంలో మా ఆయన ఆ ప్రకటన ఫొటోను గూగుల్‌లో వెతికితే అది ఇంగ్లండ్‌లో ఎవరో కుక్కలు పెంచేవాళ్లది. అదే ఫొటోతో ఇంకో నంబర్ మీద విజయవాడ ప్రకటన కూడా ఉంది. అందులో వాళ్లమ్మ ఆపరేషన్ కథ బదులు "దుబాయ్ వెళ్లిపోతున్నాం". నెల్లూరులో మా బంధువొకరిది ఇంకో రకం మోసం. వాళ్లకసలు పిల్లే రాలేదు. రైలు ఎక్కించామని ఒకసారి, బోను డిపాజిట్ తిరిగిస్తామని ఇంకోసారి, బీమా అని మరోసారి లాగుతూ పోయారు. ఇంకో చిన్న జాతి కుక్కపిల్లల్ని అమ్మేటప్పుడు వాడే టీకప్ యార్కీ అనే మాట వింటే కూడా అంతే జాగ్రత్త. యార్క్‌షైర్ టెర్రియర్ ప్రమాణాల్లోనే బరువు 3.2 కిలోల దాకా అని ఉంది, టీకప్ అనే సైజు అందులో ఎక్కడా లేదు. బక్కచిక్కిన పిల్లకో, వయసు చాలని పిల్లకో అమ్మేవాళ్లు పెట్టిన ముద్దుపేరది.

మన చట్టం ఏమంటుందో కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పిల్లలు పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అడగ్గానే "ఇంట్లో పెంచుకునేదానికి అవన్నీ ఎందుకక్కా" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. కేసీఐ అంటే చెన్నైలో ఉండే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. తల్లీ తండ్రీ రెండూ అక్కడ రిజిస్టరై ఉంటేనే ఈ పిల్లలకు పేపర్లు. పిల్లకి మైక్రోచిప్ వేస్తారు, దానికి 15 అంకెల నంబర్. "పేపర్లు కావాలంటే ఎనిమిది వేలు ఎక్స్‌ట్రా" అనడం పెద్ద అబద్ధం. పేపర్లు ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు, డబ్బు కడితే పుట్టవు.

మేం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. యూపీఐలో పంపిన ఐదు వేలకైతే రుజువుంది, నగదు ఇచ్చిన 23,000కి లేదు. అందుకే నగదు అడిగాడని ఇప్పుడర్థమవుతోంది. ఆన్‌లైన్ మోసం జరిగిన గంటలోనో పూటలోనో 1930కి చెబితే డబ్బు ఆపే అవకాశముంటుంది. మేం పదో రోజున చేశాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. కాకపోతే కేసు ఎవరి మీద వేయాలి? పేరు తెలియదు, ఇల్లు తెలియదు. ఉన్నదొక పిల్లర్ నంబర్.

అసలు పిల్లల్ని పెంచి ఇచ్చేవాళ్లు ఎలా ఉంటారో ఆ తర్వాత చూశాను. డాక్టరమ్మకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు శామీర్‌పేట దాటాక ఉంటారు. ఆయన దగ్గర రెండే రెండు జాక్ రస్సెళ్లు. ఊరికే మాట్లాడటానికి వెళ్లాం. గేటు తీయకముందే తల్లి కుక్క మొరుగుతూ వచ్చింది, ఆయన పక్కన నిలబడగానే మా చెప్పులు వాసన చూసి, కాసేపటికి మా పాప కాళ్ల దగ్గర పడుకుంది. కరవలేదు. లోపల గదిలో దాని పిల్లలు నాలుగు. పుట్టిన రోజు నుంచి వంటింటి త్రాసు మీద తూచి రాసిన బరువులు ఒక పాత లెక్కల నోటుపుస్తకంలో ఉన్నాయి. రెండు వారాలకోసారి నులిపురుగుల మందు వేసిన తేదీలున్నాయి. మూడో వారం నుంచి పిల్లల్ని కావాలనే వంటింటి పక్కన పెడతారట, కుక్కర్ కూతకి, మిక్సీ మోతకి భయపడకుండా.

ధర నేనే అడిగాను, ఆయన చెప్పలేదు. బదులుగా గంటసేపు నన్ను ప్రశ్నలడిగారు, ఆడపిల్లనిచ్చే ముందు సంబంధం వాకబు చేసినట్టు. ఎన్నో అంతస్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు, పక్కింట్లో కోళ్లున్నాయా, కుక్క తోట తవ్వేస్తే ఎవరికి కోపమొస్తుంది. ఈ చివరి ప్రశ్నకి మేం నవ్వితే ఆయన నవ్వలేదు. "టెర్రియర్ అన్న మాటే లాటిన్‌లో నేల అనే మాట నుంచి వచ్చిందమ్మా. ఇంగ్లండ్‌లో తర్వాత పాస్టరైన జాన్ రస్సెల్ అనే ఆయన 1819లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒక పాలవాడి నుంచి ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడంటారు, ఆ తీరు కుక్కల నుంచే ఈ జాతి. నక్క బొరియలోకి దూరేటందుకు పెంచినవి. ఆరు కిలోలే కదా, ఫ్లాట్‌లో మూల పడి ఉంటుందిలే అనుకుని తీసుకెళ్లేవాళ్లు ఏడాది తిరక్కుండా వదిలేస్తారు" అన్నారు. వారం కిందట ఒకాయన పుట్టినరోజు కానుకకి కావాలంటే ఇవ్వలేదట. తీసుకున్నవాళ్లు ఎప్పుడు ఉంచుకోలేకపోయినా తన దగ్గరికే తిరిగి తేవాలని, ఇంకొకరికి ఇవ్వకూడదని కాగితం రాయించుకుంటారు.

ఆ ఫోన్లో కుర్రాడు నన్ను అడిగింది రెండు ప్రశ్నలు. జవాబులు విన్నాడో లేదో కూడా తెలీదు.

జున్ను సంగతి చెప్పాక మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, మాకు ఎనిమిది వారాలకే పిల్లను ఇవ్వనన్నారు. పదహారు వారాలు నిండి, టీకా డోసులన్నీ పూర్తయ్యాకే, అది కూడా ఇల్లు చూశాకే. అత్తయ్య మాత్రం తల్లి కుక్క నోరు తెరిపించి పళ్లు చూసి తలూపింది.

వచ్చే ఆదివారం ఆయన మా ఇంటికి వస్తానన్నారు. గేటు కింద సందు ఎంతుందో టేపు పెట్టి కొలుస్తారట.