వరుస సంఖ్యల లెక్కలకు కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ ఎంతవరకు పనికొస్తుంది?

వరుస సంఖ్యల పద సమస్యల్లో జవాబు సరిచూసుకోవడానికి ఈ కాలిక్యులేటర్ చక్కగా పనికొస్తుంది. సమీకరణం రాయడం మాత్రం మన పనే, పిల్లలు తడబడేదీ అక్కడే. సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షకు కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి దీన్ని ఇంట్లో సాధనకే కొనాలి.

మూడు వరుస బేసి సంఖ్యల మొత్తం 87 అనుకోండి. మోడ్ 1లో ఎక్స్+(ఎక్స్+2)+(ఎక్స్+4)=87 అని కొట్టాలి. ఇందులోని = గుర్తు ఆల్ఫా, కాల్క్ మీటలు నొక్కితే వస్తుంది. కింద మూలనున్న మామూలు = నొక్కారో, మెమరీలో ఎక్స్‌కి ఏ విలువ ఉంటే అది పెట్టి కూడేస్తుంది. సున్నా ఉంటే 6 చూపిస్తుంది. సమీకరణం పూర్తయ్యాక షిఫ్ట్, కాల్క్ (ఇదే సాల్వ్, అంటే సమీకరణం సాధించే ఆదేశం), ఆపైన మామూలు =. ఎక్స్=27 వస్తుంది. కింద ఎల్−ఆర్=0 (ఎడమ వైపు విలువలోంచి కుడి వైపు విలువ తీసేస్తే సున్నా) అని ఉంటే రెండు వైపులా సరిపోయినట్టు. సంఖ్యలు 27, 29, 31.

బేసి అనగానే ఎక్స్, ఎక్స్+1, ఎక్స్+3 అని రాసేవాళ్లు చాలామంది. అలా కొడితే 27.66666667 వస్తుంది. దశాంశం కనిపించిందంటే మీట నొక్కడంలో పొరపాటు వెతికే ముందు సమీకరణం చూడండి: సరి సంఖ్యలైనా బేసి సంఖ్యలైనా పక్కపక్క వాటి తేడా 2. మధ్య సంఖ్యను ఎక్స్ అనుకుని ఎక్స్−2, ఎక్స్, ఎక్స్+2 అని రాస్తే చేత్తో చేయడం ఇంకా తేలిక, కానీ అప్పుడు వచ్చే 29 మొదటి సంఖ్య కాదు.

లబ్ధం లెక్కల్లో ఈ సాల్వ్ పద్ధతిని నమ్ముకోకండి. రెండు వరుస పూర్ణాంకాల లబ్ధం 342 అంటే ఎక్స్²+ఎక్స్−342=0. సాల్వ్ మనమిచ్చిన ప్రారంభ విలువ నుంచి న్యూటన్ పద్ధతిలో, అంటే అంచనాను మెట్టుమెట్టుగా సరిదిద్దుకుంటూ వెతికి ఒక్క మూలమే ఇస్తుంది. 1 ఇస్తే 18, −30 ఇస్తే −19. సమీకరణాల కోసం ఉన్న మోడ్ 5లో 3 (వర్గ సమీకరణం) ఎంచుకుని 1, 1, −342 ఇస్తే రెండూ వస్తాయి. ప్రశ్నలో సహజ సంఖ్యలు అని ఉంటే 18, 19 మాత్రమే. పూర్ణాంకాలు అని ఉంటే −19, −18 కూడా రాయాలి. ఈ తేడా మెషీన్‌కి తెలియదు.

మెచ్చుకోవలసింది మోడ్ 7లోని టేబుల్. ఎక్స్(ఎక్స్+1) ఇచ్చి 10 నుంచి 25 వరకు, స్టెప్ 1 పెడితే ఒక్కో లబ్ధం వరుసగా కనిపిస్తుంది, 18 పక్కన 342 ఉంటుంది. మొదటి బేసి సంఖ్యల లెక్కకైతే ఎక్స్+(ఎక్స్+2)+(ఎక్స్+4) ఇచ్చి, 21 దగ్గర మొదలుపెట్టి స్టెప్ 2 ఇవ్వండి. 30 వరుసలు దాటితే ఎర్రర్ వస్తుంది, అప్పుడు హద్దులు కుదించుకోవాలి.