వెగోవీనా, మౌంజారోనా?

ఈమధ్య ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న. బరువు తగ్గడానికి ఇంజెక్షన్ వేసుకోవాలా వద్దా అన్న మీమాంస ఎప్పుడో దాటేశారు. రెండింటిలో ఏదన్నదే ఇక మిగిలింది.

కిలోల లెక్కే చూస్తే వాదన అక్కర్లేదు. రెండు మందులనూ ముఖాముఖి పోల్చిన సర్‌మౌంట్-5 పరీక్ష ఫలితాలు 2025 మేలో వచ్చాయి. మధుమేహం లేని 751 మంది స్థూలకాయులను 72 వారాలు గమనించారు. మౌంజారోలోని టిర్జెపటైడ్ వాడినవారు సగటున 20.2 శాతం తగ్గితే, వెగోవీలోని సెమాగ్లుటైడ్ వాడినవారు 13.7 శాతం తగ్గారు. పరీక్షకు డబ్బు పెట్టింది మౌంజారో తయారీదారు ఎలై లిల్లీయే. ఎవరు ఏ మందు వాడుతున్నారో దాచిపెట్టలేదు కూడా. అయినా ఇంత తేడాను ఆ సాకుతో కొట్టిపారేయలేం.

నన్నడిగితే మాత్రం, చూడాల్సింది మందు మానేశాక ఏమవుతుందన్నది. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికల్లా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. టిర్జెపటైడ్‌దీ అదే దారి. 36 వారాలు వాడి 20.9 శాతం తగ్గినవారిలో కొందరికి, వాళ్లకు తెలియకుండా ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. మరో 52 వారాల్లో వాళ్లు సగటున 14 శాతం పెరిగారు. మందు ఉన్నంతకాలం ఆకలి అదుపులో ఉంటుంది, మానితే మళ్లీ రెండో వడ్డనకు కంచం ముందుకు జరుగుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి ఏది కొనగలరో ముందు తేల్చుకోండి.

మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికో సీసా. అంటే 5 మిల్లీగ్రాముల మోతాదుకు నాలుగు వారాలకు 17,500 రూపాయలు. మొదటి నెల 2.5 ఒంటికి అలవాటు చేయడానికే, దానితో బరువు దిగలేదని బెంగపడనక్కర్లేదు. సెమాగ్లుటైడ్ సంగతి వేరు. మన దేశంలో దాని పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా దేశీయ కంపెనీలు చౌక జెనెరిక్‌లకు ముందునుంచే సిద్ధపడుతూ వచ్చాయి. మౌంజారోకు ఆ వెసులుబాటు ఇప్పట్లో రాదు.

స్టెంటు పడినవారికైతే సెమాగ్లుటైడ్ వైపు నా మొగ్గు మరీ స్పష్టం. గుండెజబ్బు, అధిక బరువు ఉండి మధుమేహం లేని 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ పరీక్షలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును 20 శాతం తగ్గించింది. టిర్జెపటైడ్‌ను గుండె విషయంలో పరీక్షించింది మధుమేహ రోగుల్లో, డులాగ్లుటైడ్ అనే మరో మందుతో పోల్చి. అక్కడ అది వెనకబడలేదు, అంతవరకే.

అయితే బరువు బాగా ఎక్కువై, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు కూడా ఉంటే, ఖర్చు భరించగలిగినవారికి మౌంజారోయే మేలు. అమెరికాలో ఆ జబ్బుకు అందులోని టిర్జెపటైడ్‌కు 2024 డిసెంబరులోనే అనుమతి వచ్చింది.

వికారం, వాంతులు, మలబద్ధకం రెండింటికీ ఉన్నవే. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే రెండూ వద్దు.

సూది వద్దు, సెమాగ్లుటైడ్‌నే మాత్రగా వాడదామంటే రైబెల్సస్ ఉంది. కానీ ఆ మాత్రను పరగడుపున అర గ్లాసు నీళ్లతో మింగి, కాఫీ కూడా ముట్టకుండా అరగంట ఆగాలి. పైగా అది మధుమేహానికి వచ్చిన మందు. ఇక ఇదే కోవకు చెందిన పాత మందు, రోజూ పొడుచుకోవాల్సిన లిరాగ్లుటైడ్‌ను ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడానికి నాకైతే కారణం కనిపించదు.