లాగ్ పోవాలంటే కేబుల్ లాగాల్సిందేనా?

రాత్రి తొమ్మిదిన్నరకు మా మల్కాజిగిరి ఫ్లాట్‌లో అందరం ఇంట్లోనే ఉంటాం. హాల్లో నాన్న టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ప్రవచనం వింటుంటారు. మా ఆవిడకు అమెరికా వాళ్లతో వీడియో కాల్. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ల్యాప్‌టాప్ మీద ఆన్‌లైన్ ఆట ఆడుతున్న మా మేనల్లుడి కేక వినిపిస్తుంది: "మామా, మళ్లీ లాగ్! ఎవరో ఏదో డౌన్‌లోడ్ పెట్టారు!" లాగ్ అంటే ఆట ఆగి ఆగి, ఆలస్యంగా నడవడం. మేమేం పెట్టలేదని ఎవరి ఫోను వాళ్లం తీసి చూపించుకోవాలి. వాడు ఇంజినీరింగ్ చదవడానికి మా ఇంటికొచ్చి రెండేళ్లయింది. ఈ పంచాయితీ వయసూ రెండేళ్లే.

అందరూ మొదట చేసే పనే మేమూ చేశాం. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచాం. స్పీడ్ టెస్టులో అంకె చూసి వాడు మురిసిపోయాడు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ అదే కేక.

ఎందుకంటే ఆటకు స్పీడుతో పెద్ద పనే లేదు. 4కె సినిమాకు 15 ఎంబీపీఎస్ దాకా కావాలి కానీ, వాలరెంట్ లాంటి ఆట నడవడానికి ఒక్క ఎంబీపీఎస్ కూడా పట్టదు. ఆట పంపేవి చిన్న చిన్న డేటా పొట్లాలు, అంటే ప్యాకెట్లు, సెకనుకు పదుల నుంచి వంద పైచిలుకు దాకా. అవి వేళకు చేరాలి, అంతే. సినిమా అయితే ముందే కొంత దాచిపెట్టుకుంటుంది కాబట్టి అర సెకను ఆలస్యం మనకు తెలియదు. ఆటలో అర సెకనంటే గోడ చాటుకు వెళ్లానని మనం అనుకునే లోపు అవతలివాడు కాల్చేసి పోయాడన్నమాట.

ప్లాన్ పెంచడమంటే మేడ మీద ట్యాంకు పెద్దది పెట్టించుకోవడం. వైఫై అంటే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బాత్రూం. ఒక చానల్ మీద ఒక క్షణంలో ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. పొద్దున ఏడున్నరకు తలుపు ముందు నలుగురు తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డప్పుడు, పైన ట్యాంకు వెయ్యి లీటర్లదా రెండు వేలదా అన్నది ఎవరికి కావాలి? 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద నాలుగు టీవీలు నడుస్తుంటే ప్లాన్ పెంచండి, పని చేస్తుంది. 100 ఉండి లాగ్ వస్తుంటే మాత్రం నా ఓటు దానికి లేదు.

కాబట్టి డబ్బు తీసే ముందు పది నిమిషాలు కూర్చుని ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, పక్కన రూటర్ అడ్రసు వేయండి. చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. చివర హైఫన్ పెట్టి టీ కొడితే ఆగకుండా నడుస్తూ ఉంటుంది. ఇంకో విండోలో ఇలాగే గూగుల్ సర్వర్ 8.8.8.8 కి. మొదటిది మన గది నుంచి రూటర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం చెబుతుంది, రెండోది బయటి ప్రపంచానికి. ఆ సమయాన్నే పింగ్ అంటారు.

మా ఇంట్లో మొదటి విండోలో వచ్చిన అంకెలు ఇలా ఉన్నాయి: 2, 3, 2, 4, 187, 96, 3, 2. అన్నీ మిల్లీసెకన్లే. మధ్యలో ఆ 187 ఏమిటని చూస్తుంటే వంటింట్లో మైక్రోవేవ్ టింగుమంది. నాన్నకు పాలు వేడిచేస్తున్నారు. మైక్రోవేవ్ వాడేదీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల చుట్టుపక్కలే, మా వాడి ల్యాప్‌టాప్ వైఫై కోసం పట్టుకుని ఉన్నదీ అదే. ఆట ఇంకా ఇల్లు దాటి బయటికే పోలేదు, పక్క గదికి చేరడానికే దిక్కు లేదు. ఇక 300 ప్లాన్ ఏం చేస్తుంది?

మొదటి విండోలో అంకెలు ఎగిరితే తప్పు వైఫైది. మొదటిది కుదురుగా ఉండి, ఎవరో వీడియోలు అప్‌లోడ్ చేసినప్పుడు మాత్రమే రెండోది పెరిగితే లైన్ దగ్గర క్యూ కడుతోందని అర్థం. ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా రెండోది గెంతుతుంటే అది కనెక్షన్ ఇచ్చినవాళ్ల వైపు సమస్య. మీరు ఏ రూటర్ కొన్నా పోదు, కంప్లయింట్ పెట్టుకోవాల్సిందే. ఇంకొకటి, దూరాన్ని ఎవరూ కొనలేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు గీత గీసినట్టు వెళ్లినా 600 కిలోమీటర్ల పైచిలుకు, అంటే వెళ్లి రావడానికే 6 మిల్లీసెకన్లు. కేబుళ్లు గీత గీసినట్టు పోవు, దారిలో మలుపులూ మజిలీలూ ఉంటాయి. కాబట్టి ఆటలో 20, 30 చూపిస్తే అది మంచి పింగే. దాన్ని 5 చేద్దామని డబ్బు తగలేయకండి.

ఇక పైసా ఖర్చు లేని పని, రూటర్లు సాధారణంగా ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లలో 2.4 వదిలి 5 గిగాహెర్ట్జ్‌కు మారడం. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మూడే చానళ్లు: 1, 6, 11. మా గదిలో నిలబడి ఫోన్లో వెతికితే పక్క ఫ్లాట్లవి, ఎదురు బిల్డింగువి కలిపి 23 వైఫై పేర్లు కనిపించాయి. ఇరవైమూడు కుటుంబాలకు మూడు బాత్రూములు. 5లో చానళ్లు ఎక్కువ. 2018లో కేంద్రం ఇంకొంత 5 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక ఇంకా వెసులుబాటు వచ్చింది. పైగా మైక్రోవేవ్ గొడవ ఉండదు. లోపమల్లా గోడలు దాటలేకపోవడం. ఒక గోడ పర్లేదు. రెండు గోడలు, మధ్యలో పిల్లర్, దానికి ఆనించి ఇనప బీరువా ఉంటే మాత్రం సిగ్నల్ చిక్కిపోతుంది.

చాలా రూటర్లలో రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ తనకు నచ్చినదాన్ని పట్టుకుంటుంది, అది చాలాసార్లు మనకు నచ్చనిదే. సెట్టింగుల్లోకి వెళ్లి పేర్లు విడదీయండి. చానల్ 36 నుంచి 48 మధ్యలో, లేదంటే 149 నుంచి 161 మధ్యలో పెట్టుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ లాంటిది తగిలిందని రూటర్‌కు అనుమానమొస్తే ఆట మధ్యలోనే చానల్ మార్చేస్తుంది.

రూటర్ చోటు కూడా చూసుకోండి. కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు తలుపు దగ్గర కేబుల్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే బిగించి పోతాడు. మాది ఏడాదిపాటు ఫ్రిజ్ వెనక ఉంది. ఆ సన్న ఫైబర్ తీగను మాత్రం మీరే లాగి, మడిచి, బల్ల కింద తొక్కిపెట్టకండి. అది రాగి తీగ కాదు, లోపల గాజు.

ఇక్కడ ఒక చిన్న చిట్కా. నాకు ఆలస్యంగా తట్టింది కానీ మొత్తం వ్యవహారంలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. వైర్ ముందు ఆట ఆడేవాడికి కాదు, టీవీకి వేయండి. మా టీవీకీ రూటర్‌కీ మధ్య దూరం నాలుగడుగులు. రూటర్ పెట్టెలో వచ్చిన పొట్టి లాన్ కేబుల్ అటక మీద అట్టపెట్టెలోనే పడి ఉంది. తీసి గుచ్చాను. గంటల తరబడి గాలిలో నడిచే వీడియో మొత్తం వైర్ మీదికి పోయింది. బాత్రూంలో అందరికన్నా ఎక్కువసేపు ఉండే మనిషికి వేరే బాత్రూం కట్టించినట్టయింది. టీవీల్లో ఆ పోర్టు తరచూ 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, ప్రవచనానికి అది చాలా ఎక్కువ.

ఇంత చేశాక మా వాడి కేకలు సగం తగ్గాయి. మిగతా సగానికి కేబుల్ తప్పలేదు. ల్యాప్‌టాప్ వైఫై మీద ఉన్నంతసేపూ మధ్యమధ్యలో చుట్టుపక్కల ఏ వైఫైలు ఉన్నాయోనని వెతుక్కుంటుంది. ఆ క్షణంలో పింగ్ ఎగురుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నా ఇది పూర్తిగా పోదు.

కేబుల్ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి తెచ్చాను, క్యాట్ 6 రకం లాన్ కేబుల్, పాతిక మీటర్లు. అక్కడ రెండు రకాలు చూపిస్తారు. చవకదానిలో అల్యూమినియం తీగకు రాగి పూత ఉంటుంది, రెండోది అచ్చంగా రాగి. ప్యూర్ కాపర్ అని గట్టిగా అడిగి తీసుకోండి. పాత ల్యాండ్‌లైన్ కోసం గోడలో వేసిన పైపు ఉంది కదా, అందులోంచి లాగేద్దామని ఎలక్ట్రీషియన్ వచ్చాడు. స్ప్రింగ్ దూర్చాడు, సగం దూరం పోయి ఏదో మలుపులో ఇరుక్కుంది. బయటికి లాగితే దాంతోపాటు ఇంత సిమెంటు పొడి. పోనీ కరెంటు తీగల పైపులోంచి వేయనా అన్నాడు, వద్దన్నాను. 230 వోల్టుల పక్కన ఆ కేబుల్ వేయకూడదు. చివరికి గోడ మొదట్లో తెల్ల పట్టీ అంటించి, గుమ్మం చట్రం మీదుగా తిప్పి తీసుకెళ్లాం. అద్దె ఇల్లు కదా, మేకులు కొట్టొద్దని ఓనర్ గారు ముందే చెప్పారు.

అంతా అయ్యాక ల్యాప్‌టాప్‌లో లింక్ స్పీడ్ 1000 రావాల్సింది 100 చూపించింది. అదేమీ కేబుల్ తప్పు కాదు. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100కు నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ తగలాలి. క్లిప్పు కత్తిరించి వెలుతురులో పెట్టి చూస్తే గోధుమరంగు తీగ ఒకటి చివరిదాకా పోలేదు. మళ్లీ కొత్త క్లిప్పు బిగించాక 1000 వచ్చింది. నిజానికి ఆటకు 100 ఉన్నా తేడా తెలియదు, కానీ డబ్బులిచ్చినవాడి మనసు ఊరుకోదు. కూలీతో కలిపి 1,800 రూపాయలైంది. ఆ రాత్రి మొదటి విండోలో అంకెలు: 1 కన్నా తక్కువ, 1 కన్నా తక్కువ, 1 కన్నా తక్కువ. మైక్రోవేవ్ నడుస్తున్నా అంతే.

కేబుల్ వేయలేని ఇళ్ల సంగతి. ఇంట్లో రెండు మూడు చోట్ల వైఫై డబ్బాలు పెట్టి కలిపే మెష్ సిస్టం మంచిదే, కానీ రెండు డబ్బాల మధ్య మళ్లీ వైఫైయే నడిస్తే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి. మూలగదిలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పింగ్ మాత్రం పెద్దగా మారదు. ఆ డబ్బాల మధ్య కేబుల్ వేయగలిగితే మెష్‌కు తిరుగులేదు. అయితే కేబుల్ వేయగలిగినవాడికి మెష్ ఎందుకన్నది వేరే ప్రశ్న. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే చవక రిపీటర్ జోలికి ఆట కోసమైతే వెళ్లకండి. కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కొన్ని ఇళ్లలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మన అపార్టుమెంట్లలో త్రీఫేజ్ కనెక్షన్ ఉండి, హాలు ఒక ఫేజ్ మీద, పడకగది ఇంకో ఫేజ్ మీద ఉంటే పని చెడుతుంది. వాపసు ఇచ్చే వీలుంటేనే కొనండి. ఎనిమిది కొమ్ముల గేమింగ్ రూటర్ గురించి అడుగుతారు కదా, కొమ్ములను బట్టి లాగ్ తగ్గదు.

5జీ హాట్‌స్పాట్ ఆపద్ధర్మానికి పనికొస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్ కరెంటు ప్రమాదం తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లు తీసేసినప్పుడు చాలా ఇళ్లకు అదే దిక్కయింది. పింగ్ ఒక్కోసారి 30, మరుక్షణం 120. రోజూ దాని మీద ఆడలేరు.

కేబుల్ కూడా తీర్చలేని రోగం ఒకటుంది. మా ఆవిడ ఫోన్ చార్జింగ్ పెట్టగానే పెళ్లి వీడియోలు బ్యాకప్ అవడం మొదలవుతుంది. రూటర్ వాటన్నిటినీ వరసగా క్యూలో పెట్టుకుంటుంది, వాటి వెనక ఆట ప్యాకెట్ నిలబడుతుంది. ఈ ఉబ్బిపోయిన క్యూకు బఫర్‌బ్లోట్ అని పేరు. పేరును వాడుకలోకి తెచ్చింది జిమ్ గెటిస్ అనే కంప్యూటర్ ఇంజినీరు. క్యూ ఉబ్బకుండా చూసే కోడెల్ పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ముందుకు తెచ్చారు. ఇవాళ మంచి రూటర్లలో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాటిలో, ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) పేరుతో దొరికేది ఆ సంతతే. లైన్ స్పీడులో 85, 90 శాతం దగ్గర పరిమితి పెడితే చాలు, క్యూ మన అదుపులోకి వస్తుంది. ఆ పోయిన 10 శాతం మా ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు. కనెక్షన్‌తో పాటు ఇచ్చే డబ్బాల్లో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు, వేరే రూటర్ కొనాలి. అందుకే కేబుల్ తర్వాతే దీనికి చోటు. మీకు లైన్ దగ్గరే క్యూ కడుతోందని ఆ రెండో విండో చెప్పి ఉంటే మాత్రం వరస తిరగేయండి.

ఈ క్యూ ఎవరు కడుతున్నారని రూటర్ లిస్టు తెరిచి చూస్తే, బ్యాకప్ కన్నా పైన ఉన్నది మేనల్లుడి ల్యాప్‌టాపే. ఆటలు కొని దింపుకునే స్టీమ్ యాప్‌లో ఏవో ఆటల అప్‌డేట్లు వాటంతటవే దిగుతున్నాయి. "ఎవరో డౌన్‌లోడ్ పెట్టారన్నావు కదరా" అంటే తల గోక్కున్నాడు. స్టీమ్ సెట్టింగుల్లో అప్‌డేట్లు ఏ గంటల మధ్య దిగాలో పెట్టుకోవచ్చు. తెల్లవారుజామున మూడింటికి పెట్టించాను.

పోయిన వారం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ప్లాన్ 300 నుంచి 100కు దించమన్నాను. కారణం చెప్పాలి సార్ అంది ఆ అమ్మాయి. ఏం చెప్పాలో తోచలేదు. "స్పీడు ఎక్కువైందమ్మా" అన్నాను.